అమ్మ ఎప్పుడొస్తుంది, మిస్?

ప్రశ్న: మాది హిందూపురం. వయసు 24. డిగ్రీ అయ్యాక నర్సరీ టీచర్ ట్రైనింగ్ చేసి, ఈ జూన్‌లో బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక ప్రీస్కూల్లో చేరాను. నాకు నర్సరీ క్లాసు ఇచ్చారు. మూడేళ్ళు నిండిన పిల్లలు 18 మంది, నేను, ఒక ఆయమ్మ. స్కూలు తెరిచి రెండు వారాలైంది. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు, ఏడుపు ఆగడం లేదు. ఒక బాబు ఇప్పటికి ముగ్గురిని కొరికాడు. ఒక పాప అసలు ఏడవదు గానీ, వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా బ్యాగు భుజం మీంచి దించదు, నోరు విప్పదు. తెలుగు, కన్నడం, తమిళం, హిందీ అన్నీ కలిసి సగం మంది ఏం అడుగుతున్నారో నాకు తెలియదు. ఒక తల్లి ఆఫీసులో కూర్చుని సీసీ కెమెరాలో చూసి, 'మా బాబు ఏడుస్తుంటే మీరు ఎత్తుకోలేదే' అని ఫోన్ చేశారు. మూడో వారం నుంచి వర్క్‌షీట్లు మొదలుపెట్టాలని ప్రిన్సిపల్ మేడం అంటున్నారు. రోజూ బాత్రూంలోకి వెళ్ళి నేనూ ఏడుస్తున్నాను. ఈ పని నాకు చేతకాదేమో. మానేయనా?

– ఒక టీచర్, బెంగళూరు

జవాబు: నువ్వు మా చిన్నమ్మాయి కన్నా చిన్నదానివి. 'మీరు' అని రాయబోతే చెయ్యి సాగడం లేదు, నువ్వు అనే రాస్తాను. ఏమీ అనుకోకు.

బెంగళూరులో 27 ఏళ్ళు నర్సరీ పిల్లల మధ్యే గడిపాను. మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఒకటి ముందు చెబుతాను. ఒక బాబు గేటు దగ్గర తల్లి కొంగు వదలకుండా ఏడుస్తుంటే, 'అమ్మ ఎక్కడికీ వెళ్ళదు నాన్నా, బయటే కూర్చుంటుంది' అని లోపలికి తీసుకొచ్చాను. ఏడుపు వెంటనే ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పది నిమిషాల తర్వాత వాడు కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. అమ్మ లేదు. ఆ రోజు నుంచి దాదాపు రెండు నెలలు వాడు ఆ కిటికీ వదల్లేదు. బొమ్మ ఇచ్చినా పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడేవాడు. వాడికి స్కూలంటే భయం కాదు, నా మాట మీద నమ్మకం పోయింది. ఆ నమ్మకం మళ్ళీ సంపాదించుకోవడానికి నాకు జూన్, జూలై రెండూ పట్టాయి.

అందుకని నీకు చెప్పేది ఒకటే. ఈ మొదటి ఆరు వారాల్లో ఏడుపు ఆపడం నీ పని కాదు. అమ్మ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. ఈ రెండింటి మధ్య ఏమేం జరుగుతాయో నాకు తెలుసు అని పిల్లకు అనిపించేలా చేయడం నీ పని. అది కుదిరితే ఏడుపు దానంతట అదే తగ్గుతుంది. అది కుదరకుండా ఎత్తుకుని, చాక్లెట్ పెట్టి, ఫోన్లో పాటలు పెట్టి ఆపిన ఏడుపు మర్నాడు వడ్డీతో సహా తిరిగొస్తుంది.

మూడేళ్ళ పిల్లకు 'పన్నెండింటికి వస్తుంది' అంటే ఏమీ అర్థం కాదు. గంట ఎంతసేపో తెలియదు, గోడ గడియారం చూడడం రాదు. కానీ ఒకదాని తర్వాత ఒకటి అంటే బాగా తెలుసు. స్నానం, తర్వాత చొక్కా, తర్వాత ఇడ్లీ, తర్వాత స్కూటర్. ఇంట్లో వాళ్ళ లోకం అలాగే నడుస్తుంది. కాబట్టి నువ్వు కూడా అలాగే చెప్పాలి. 'డబ్బా తింటాం, ఇసుకలో ఆడతాం, కథ వింటాం, చెప్పులు వేసుకుంటాం, అమ్మ వస్తుంది.' నీ క్లాసులో ఎన్ని భాషలున్నా ఈ ఒక్క వాక్యం అన్నిట్లోనూ నేర్చుకో. కన్నడంలో 'అమ్మ ఆమేలె బర్తారె' అనడం హిందూపురం అమ్మాయివి నీకు నేను నేర్పాలా?

అది చెప్పడంతో పాటు కళ్ళకు కనపడాలి కూడా. నీ ఫోనుతో మీ క్లాసులోవే ఆరు ఫొటోలు తియ్యి: చెప్పుల అర, చాప, టిఫిన్ డబ్బాలు, ఇసుక తొట్టి, కథల మూల, గేటు. ప్రింటు తీయించి వరసగా గోడకు అంటించు. నీ కళ్ళ ఎత్తులో కాదు, వాళ్ళ కళ్ళ ఎత్తులో. నెట్‌లోంచి దించిన రంగుల కార్టూన్ బొమ్మలు వద్దు, అవి పిల్లలకు వాళ్ళ ఇసుక తొట్టిలా కనపడవు. ఒక్కో పని అయ్యాక బట్టలకు పెట్టే క్లిప్పు ఒకటి పక్క ఫొటో మీదకు జరుపు. వారం తిరిగేసరికి క్లిప్పు ఎవరు జరపాలన్న దాని మీద గొడవలు పడతారు. ఆ గొడవ నువ్వు సంతోషంగా చూడాల్సిన గొడవ.

ఆరు వారాల పాటు ఈ వరస మార్చకు. ఎవరో పుట్టినరోజు కేకు తెచ్చారనీ, ఫొటోగ్రాఫర్ వచ్చాడనీ కథ సమయం ఎగరగొడితే, ఆ రోజు నలుగురు కొత్తగా ఏడుస్తారు. కథ ఫొటో తర్వాతే కదా అమ్మ రావాలి. కథే లేకపోతే అమ్మ ఎలా వస్తుందని వాళ్ళ లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

దోబూచులాట ఎందుకు కనిపెట్టారో మన అమ్మమ్మలు. చేతుల వెనక ముఖం దాక్కుంటుంది, మళ్ళీ వస్తుంది. ఏడాది పిల్లలతో ఆడేదే అనుకుంటాం గానీ నేను మూడేళ్ళ పిల్లలతో జూన్ నెలంతా ఆడేదాన్ని, కొంచెం పెద్దది చేసి. దుప్పటి కింద బంతి దాచి వెతకడం, తలుపు వెనక ఆయమ్మ దాక్కుని రావడం. నవ్వుతూనే ఆ పాఠం చదువుకుంటారు.

ఇక గేటు దగ్గరి సంగతి. సగం గొడవ అక్కడే పుడుతుంది. పిల్ల బొమ్మల్లో పడగానే చెప్పకుండా జారుకునే తల్లిదండ్రులు చాలామంది. వాళ్ళకు అది సులువు, నీకు కాదు. ఒకసారి అలా మాయమైతే ఆ పిల్ల మర్నాటి నుంచి బొమ్మ వంక కూడా చూడదు, చూస్తే అమ్మ పోతుందని. వీడ్కోలు చిన్నదిగా, రోజూ ఒకేలా ఉండాలని వాళ్ళకు చెప్పు. ఒక ముద్దు, ఒక మాట, 'కథ అయ్యాక వస్తా', టాటా. వెనక్కి తిరిగి చూడకూడదు, మళ్ళీ లోపలికి రాకూడదు. పావుగంట సాగే వీడ్కోళ్ళు అత్తారింటికి పంపేటప్పుడు బాగుంటాయి గానీ నర్సరీ గేటు దగ్గర కాదు.

చేర్పించడానికని ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు కూడా గేటు దగ్గర ఉంటారు. 'ఏడిస్తే మిస్ కొడుతుంది', 'ఏడిస్తే సూది వేస్తారు' అని వాళ్ళు ప్రేమగానే అంటారు. పక్కకు పిలిచి, 'అమ్మా, ఆ కొట్టే మిస్‌ని నేనే, నా దగ్గరికే కదా వాడు రావాలి' అని నవ్వుతూ చెప్పు. నేను చెప్పినప్పుడల్లా పనిచేసింది.

పికప్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మనందరికీ తెలుసు, అయినా సరే. గేటు ఫొటో దాటిపోయాక ఇరవై నిమిషాలు అమ్మ రాకపోతే, నువ్వు రెండు వారాలు కట్టినదంతా ఆ ఇరవై నిమిషాల్లో కూలిపోతుంది. మొదటి నెల మాత్రం పది నిమిషాలు ముందే వచ్చి నిలబడమని అడుగు. కుదరనివాళ్ళు ఉంటే, ఆలస్యమయ్యే రోజు ముందే ఫోన్ చేయమను. అప్పుడు వరసలో ఇంకో ఫొటో పెట్టొచ్చు, 'ఆయమ్మతో మొక్కలకు నీళ్ళు' అని.

భాషల గొడవకు ఒక కాగితం చాలు. ప్రతి ఇంటికీ పంపు. మీ పిల్ల ఇంట్లో ఈ పది మాటలకు ఏమంటుందో రాయండి అని: నీళ్ళు, ఆకలి, కావాలి, వద్దు, చాలు, నొప్పి, నిద్ర, భయం, ఒకటికి, రెండుకు. తెలుగు పిల్ల 'చాలు' అంటుంది, కన్నడ పిల్ల 'సాకు' అంటుంది, తమిళ పిల్ల 'పోదుం' అంటుంది, హిందీ ఇంటి పిల్ల 'బస్' అంటుంది. ఆ 'బస్' విని బస్సు బొమ్మ తెచ్చిచ్చిన టీచర్ని నేను చూశాను, పాపం పిల్లాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. బాత్రూం మాటలైతే మరీ ముఖ్యం. ఒక్కో ఇంట్లో ఒక్కో పేరు, కొన్ని ఇళ్ళల్లో వాళ్ళకే అర్థమయ్యే పేర్లు. పిల్ల చెప్పింది నీకు అర్థంకాక నిక్కరు తడిస్తే అది పిల్ల తప్పు కాదు. మాట కోసం చూడకుండా రాగానే ఒకసారి, డబ్బా తినే ముందు ఒకసారి, వెళ్ళే ముందు ఒకసారి అందరినీ తీసుకెళ్ళు. తడిస్తే ఒక్క మాటా అనకుండా బట్టలు మార్చండి. ఈ సంగతి ఆయమ్మకు కూడా గట్టిగా చెప్పు.

ఆ కాగితం మీదే ఇంకో గీత గీసి, ఇంట్లో ముద్దుపేరు ఏమిటో కూడా అడుగు. రిజిస్టరులో మూడు ముక్కల పేరుంటుంది, ఇంట్లో 'చిట్టి' అంటారు. నువ్వు రిజిస్టరు పేరుతో పది సార్లు పిలిచి, పలకడం లేదేమిటా అని కంగారు పడి ఉంటావు. ఆ పేరు తనదేనని పాపకు ఇంకా తెలియదు.

ఇప్పుడు బ్యాగు పాప. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఈ పాపే. ఏడ్చే 12 మంది మధ్య ఏడవని పిల్లను 'భలే బుద్ధిమంతురాలు' అని వదిలేస్తాం. కానీ ఏడ్చేవాళ్ళు తమ బాధ నీకు చెబుతున్నారు, ఈ పాప చెప్పడం లేదు, అంతే తేడా. ముందు ఆ బ్యాగు జోలికి వెళ్ళకు. భుజాన బ్యాగుంటే ఏ క్షణమైనా ఇంటికి వెళ్ళొచ్చు అని దాని ధైర్యం. బ్యాగుతోనే తిననీ, బ్యాగుతోనే ఇసుకలో ఆడనీ. ఇసుక పడితే దులుపుకోవచ్చు. 'పేరేంటి, ఈ రంగేంటి' అని ప్రశ్నలు అడగకు. రోజూ ఐదు నిమిషాలు పక్కన కూర్చుని, ఆమె వైపు చూడకుండా నీ పని నువ్వు చేసుకో, పిండి ముద్ద చేస్తూ 'ఇది దోసె, ఇంకో దోసె' అని నీలో నువ్వే మాట్లాడుకుంటూ. తర్వాత ఏదో చిన్న పని అప్పజెప్పు, ప్లేట్లు పంచడం లాంటిది. మాట అక్కర్లేని పని.

ఇంటి భాష ఒకటి, స్కూలు భాష ఒకటి అయినప్పుడు పిల్లలు కొంతకాలం మౌనంగా వింటూ ఉండిపోతారు. కొందరికి అది కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు. లోపల అన్నీ పోగుచేసుకుంటూ ఉంటారు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందా అని తల్లిని అడుగు. మాట్లాడుతుందంటే తొందరపడనవసరం లేదు. 'ఇవాళ మిస్‌తో మాట్లాడావా' అని రోజూ నిలదీయొద్దని మాత్రం వాళ్ళకు చెప్పు. ఇంట్లో కూడా మాట తక్కువ, పిలిస్తే పలకదు అంటే పిల్లల డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించమని మెల్లగా సలహా ఇవ్వు. ఇంట్లో మాట్లాడుతూ స్కూల్లో మాత్రం దసరా దాటినా నోరు విప్పకపోతే, అప్పుడు కూడా డాక్టరుతో మాట్లాడమనడం మంచిది.

కొరికే బాబు గురించి. ఈ వయసులో కొరకడం అరుదేమీ కాదు. మాట అందని చోట పన్ను అందుతుంది. కొరికిన వెంటనే నువ్వు కొరికిన వాడి మీదకు కాదు, కొరికించుకున్న పిల్ల దగ్గరికి వెళ్ళాలి. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టు. చర్మం చిట్లితే డాక్టరుకు చూపించమని ఇంటికి చెప్పాలి. తర్వాత వాడి ఎత్తుకు కూర్చుని 'కొరక్కూడదు, నొప్పి' అని రెండు మాటలు. ఉపన్యాసం వద్దు, సారీ చెప్పించడం వద్దు, అందరి ముందు నిలబెట్టడం అసలే వద్దు. ఇద్దరి తల్లిదండ్రులకూ విడివిడిగా చెప్పు, అవతలి పిల్లల పేరు చెప్పకుండా.

తర్వాత మూడు రోజులు ఎప్పుడు, ఎక్కడ, ఏ వస్తువు దగ్గర కొరుకుతున్నాడో రాసుకో. నేను రాసుకున్నప్పుడల్లా జవాబు దాదాపు ఒకటే వచ్చింది: డబ్బాకు ముందు, ఇరుకు మూలలో, ఒక్కటే ఉన్న బొమ్మ దగ్గర. 'షేర్ చేసుకోవాలి' అని మనం అంటాం గానీ, మూడేళ్ళ వాళ్ళు ఎక్కువగా ఆడేది పక్కపక్కన, కలిసి కాదు. మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే ఈ సంగతి వివరంగా రాసింది. అందుకని నాలుగు రకాల కార్లు ఒక్కోటి కొనే బదులు ఒకే రంగు కారు నాలుగు కొనమని మేడంకు చెప్పు. డబ్బా సమయం పావుగంట ముందుకు జరుపు. ఆ ఇరుకు మూలలో అల్మరా ఉంటే జరిపించు. కొరకడం ఎంత తగ్గుతుందో చూడు.

నీకు చేతి కింద ఎప్పుడూ ఉండాల్సినవి రెండు: నీళ్ళు, పిండి. వెడల్పు టబ్బులో నాలుగు అంగుళాల నీళ్ళు, స్టీలు గ్లాసులు, ఒక గరాటు, ఒక టీ జల్లెడ. ఏడ్చే పిల్లను 'ఏడవకు' అనకుండా ఆ టబ్బు దగ్గర కూర్చోబెడితే, చేతులు తడిసిన కాసేపటికి వెక్కిళ్ళు తగ్గుతాయి. పెద్దవాళ్ళెవరో ఒకరు టబ్బు పక్కనే ఉండాలి, అటూ ఇటూ కదలకూడదు. పిండికి రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, తగినన్ని నీళ్ళు. ఉప్పు ఎక్కువ కాబట్టి నాలుగు రోజులు పాడవదు, ఒకసారి నాకి చూసినవాడు రెండోసారి నాకడు. ఎక్కువ తినకుండా మాత్రం చూసుకో.

వర్క్‌షీట్ల సంగతి. ఇక్కడ ప్రిన్సిపల్ గారితో గొడవ పడొద్దు, ఆవిడ మీదా తల్లిదండ్రుల ఒత్తిడి ఉంటుంది. కానీ నీ వైపు బలం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. దానికోసం 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆ వయసుకు ఆటే చదువు అని, ఇంటి భాషకు చోటివ్వాలని చెబుతోంది. అది చూపించి, 'ఆగస్టు దాకా ఆగుదాం మేడం, ఈలోపు వేళ్ళకు బలం వచ్చే పనులు చేయిస్తాను' అను. పిండి పిసకడం, క్లిప్పులు పెట్టడం, కాగితం చింపడం, శనగలు ఏరడం. శనగలు ఏరేటప్పుడు మాత్రం నలుగురికి మించి కూర్చోబెట్టకు, కళ్ళు వాళ్ళ మీదే ఉండాలి. ముక్కుల్లో, చెవుల్లో పెట్టుకుంటారు. పెన్సిలు ఎక్కడికీ పోదు.

మన బెంగళూరులో మాంటిస్సోరి పేరు పెట్టుకోని వీధి లేదు కదా. ఆ పేరు గల ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు అడయార్‌కు కొన్నాళ్ళ కోసమని వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆవిడ పద్ధతిలో మొదట నేర్పేవి అక్షరాలు కావు. చాప ఎలా చుట్టాలి, కుర్చీ చప్పుడు లేకుండా ఎలా జరపాలి, కూజాలోంచి నీళ్ళు ఒలక్కుండా ఎలా పోయాలి. నీ జూన్ సిలబస్ అంతా ఇందులోనే ఉంది. చెప్పులు అరలో పెట్టడం మూడు రోజులు నేర్పు, ఒక్కో రోజు ఒక్కో ముక్క. 18 జతలు వాళ్ళే పెట్టుకున్న రోజున నీ నడుము నొప్పి సగం తగ్గుతుంది.

కెమెరా చూసే తల్లికి ఏం చెప్పాలి? ఆవిడకు శబ్దం లేని ఒక బొమ్మ కనపడుతోంది, అందులో బిడ్డ ఏడుస్తున్నాడు, ఆవిడేమో ఆఫీసులో ఉంది. ఆ బాధ నిజమే. 'ఆ సమయంలో ఇంకో బాబుకు బట్టలు మారుస్తున్నానండి, నాలుగు నిమిషాల్లో మీ వాడి దగ్గరికి వచ్చాను, తర్వాత నీళ్ళ టబ్బు దగ్గర ఆడాడు' అని జరిగింది జరిగినట్టు చెప్పు. క్షమాపణలు, సంజాయిషీలు వద్దు. రోజూ గ్రూపులో నవ్వుతున్న ఫొటోలు పెట్టే బదులు, వారానికి రెండుసార్లు ఒక్కో ఇంటికి ఒక్క వాక్యం రాయి. 'ఇవాళ తొమ్మిదిన్నర దాకా ఏడ్చాడు, పెరుగన్నం సగం తిన్నాడు, ఎర్ర కారు వదల్లేదు.' నిజం రాసే టీచరుకు ఫోన్లు తక్కువ వస్తాయి.

ఇంకొకటి. వానలు మొదలయ్యాయి, జ్వరాలు వస్తాయి. నోట్లో పుండ్లు, అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులు కనపడితే అది చేతి, కాలి, నోటి జబ్బు కావచ్చు, ఐదేళ్ళ లోపు పిల్లల్లో త్వరగా అంటుకుంటుంది. అలాంటి పిల్లను ఇంటికి పంపి డాక్టరుకు చూపించమను. బొమ్మలు కడిగించు, చేతులు సబ్బుతో కడిగించడం రోజు వరసలో పెట్టు. వారం ఇంట్లో ఉండి వచ్చిన పిల్ల మళ్ళీ మొదటి రోజు లాగే ఏడుస్తుంది. సోమవారాలు కూడా అంతే. దాన్ని వెనక్కి వెళ్ళడం అనుకోకు.

నీ సంగతి మిగిలింది. బాత్రూంలో ఏడవడం గురించి అడిగావు. నేనూ ఏడ్చాను, ఇంకా చాలామంది ఏడ్చారు, మంచి టీచర్లే. కానీ ఆ ఆయమ్మను పనిమనిషిలా కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగు. నీకన్నా ఎక్కువ మంది పిల్లల్ని చూసి ఉంటుంది, ఏ పిల్ల దేనికి ఏడుస్తుందో నీకన్నా ముందే తెలిసి ఉంటుంది. రోజుకు ఇద్దరు పిల్లల గురించే రాసుకో, 18 మందిని ఒకేసారి మోయకు. గొంతు అరిగిపోతుంది, అరవకు, చిన్న గంట ఒకటి కొనుక్కో.

మానేయాలా అన్నావు. జూలై నెలాఖరు దాకా ఆ ఆలోచన పక్కన పెట్టు. దసరా సెలవుల తర్వాత రెండు మూడు రోజులు మళ్ళీ అందరూ గేటు దగ్గర ఏడుస్తారు, అప్పటిదాకా చేసిందంతా పోయిందనిపిస్తుంది. రాజీనామా రాసుకుంటే రాసుకో గానీ, ఆ మూడు రోజుల్లో మాత్రం రాయకు.